ఔటర్ దాటిన ఊళ్లో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఎలా పెట్టించుకోవాలి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి కాస్త లోపలికి వెళ్తే ఇంటర్నెట్ పరిస్థితి ఊరికో రకంగా ఉంటుంది. చేవెళ్ల, యాచారం, కందుకూరు లాంటి మండలాల్లో ఊరి మధ్య ఇళ్లకు ఫైబర్ వచ్చినా, పొలాల పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లు ఫోన్ పట్టుకుని మేడ ఎక్కాల్సి రావచ్చు. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, ఇంటి నుంచి చేసే ఉద్యోగం, డాక్టరుతో వీడియో కాల్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం, వీటిలో ఏదీ నగరంలో ఉన్నవాళ్లకే పరిమితం కాకూడదు. ఊళ్లో ఉన్న ఇంటికీ మంచి కనెక్షన్ తెచ్చుకోవచ్చు. కాకపోతే కంపెనీ ప్రకటన చూసి ఫోన్ కొట్టడంతో మొదలుపెట్టకండి. మీ ఇంటి దగ్గరిదాకా ఏ లైను వచ్చింది, అది చెడిపోతే బాగుచేయడానికి ఎవరొస్తారు అన్నవి ముందు తేల్చుకోండి. ప్లాన్ సంగతి తర్వాత చూడొచ్చు.

ముందు ఊళ్లో వాకబు చేయండి

కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పిన్‌కోడ్ కొడితే ఆ ప్రాంతంలో వైరు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల పేర్లు వస్తాయి. ఆ జాబితా ఆరంభానికి పనికొస్తుంది. అయితే పిన్‌కోడ్ అంటే చాలా ఊళ్లు కలిసి ఉంటాయి కాబట్టి, జాబితాలో పేరున్నంత మాత్రాన మీ వీధికి లైను ఉన్నట్టు కాదు.

అసలు సమాచారం ఊళ్లోనే దొరుకుతుంది. టీవీ కేబుల్ ఆపరేటర్‌ను, స్కూల్ హెడ్‌మాస్టర్‌ను, మీసేవ సెంటర్ నడిపేవాళ్లను, పంచాయతీ కార్యదర్శిని అడగండి. వీళ్లకు రోజూ నెట్‌తో పని, ఏ లైను ఎన్నిసార్లు పోతుందో వీళ్లకే తెలుస్తుంది. పంచాయతీ ఆఫీసులో ప్రత్యేకంగా అడగాల్సింది భారత్‌నెట్ గురించి. గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయడానికి కేంద్రం 2011లో మొదలుపెట్టిన పథకం ఇది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలువల్లోనే ఫైబర్ కూడా వేశారు. 2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ పేరుతో కొన్ని ఊళ్లలో ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. మీ పంచాయతీ దాకా ఆ ఫైబర్ వచ్చిందా, వస్తే అది పనిచేస్తోందా, ఇళ్లకు ఎవరిస్తున్నారు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు రాబట్టండి. పంచాయతీ ఆఫీసు గోడకు ఫైబర్ డబ్బా బిగించి ఉన్నంత మాత్రాన లైను నడుస్తున్నట్టు కాదు, అక్కడి కంప్యూటర్‌లో ఏదైనా పేజీ తెరిపించి చూడండి.

ఫైబర్ అందేలా ఉంటే దాన్నే పట్టుకోండి

ఇంట్లో ఎక్కువమంది వాడేటట్టుంటే ఫైబర్‌కు సాటి వచ్చేది లేదు. బీఎస్ఎన్ఎల్ ఊళ్లలో ఫైబర్‌ను చాలావరకు స్థానిక భాగస్వాముల ద్వారా ఇస్తుంది. మిగతా కంపెనీలు కూడా అనేకచోట్ల కేబుల్ ఆపరేటర్ల మీదే ఆధారపడతాయి. అంటే బిల్లు మీద ఎవరి పేరున్నా, నిచ్చెన వేసుకుని వచ్చేది లోకల్ మనిషే. ఆ మనిషితో నేరుగా మాట్లాడండి. "అన్నా, మీ చివరి బాక్స్ ఎక్కడుంది? అక్కడి నుంచి మా ఇంటికి ఎన్ని మీటర్ల వైరు పడుతుంది? ఆ వైరు డబ్బులు ఎవరు పెట్టుకోవాలి?" అని అడగండి. ఫైబర్ లైను, ఆపరేటర్ దగ్గరున్న ప్రధాన పరికరం నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా సాంకేతికంగా వెళ్లగలదు. కాబట్టి దూరం కారణంగా ఇవ్వలేం అంటే, చాలాసార్లు అసలు అడ్డంకి ఆ వైరు ఖర్చే. పక్కన ఉన్న నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి అడిగితే ఆపరేటర్‌కు గిట్టుబాటవుతుంది. ఒక్కరుగా వెళ్లినప్పుడు రాని లైను, వీధంతా కలిసి వెళ్తే వస్తుంది. ఈ ఒక్క ప్రయత్నం చేయకుండా ఆశ వదులుకోవద్దని నా గట్టి సలహా.

వైరు ఏ దారిన వస్తుందో కూడా చూడండి. కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లు ప్రమాదం, పైగా శాశ్వతం కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు చాలా ఇళ్లకు నెట్ ఆగిపోయింది. వీలైతే విడిగా పైపు స్తంభాలు నాటించుకోండి. కోతుల బెడద ఉన్న ఊళ్లో ఇంటి దగ్గరి భాగమైనా పైపులో నుంచి తెప్పించుకోండి. మధ్యలో ఎన్ని అతుకులు పడితే అంత బలహీనత, అందుకే చివరి బాక్స్ నుంచి ఇంటి దాకా ఒకే ముక్క వైరు కావాలని ముందే చెప్పండి.

ఫైబర్ రాకపోతే గాలిలో వచ్చే నెట్

జియో, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇచ్చేది పేరుకు ఫైబర్ అయినా, ఇంటిపైన బిగించిన రిసీవర్‌కు టవర్ నుంచి వచ్చే 5జీ సిగ్నల్. వెబ్‌సైట్‌లో చిరునామా పెట్టి లభ్యత చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొబైల్ కంపెనీలు ఏ ప్రాంతంలో ఏ సిగ్నల్ ఉందో మ్యాపులు పెట్టాలి, వాటినీ చూడండి. కానీ మ్యాపులో రంగు కనిపించిందని డబ్బు కట్టకండి.

సిగ్నల్‌ను మీరే కొలవండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలం డీబీఎంలో కనిపిస్తుంది, సంఖ్య ముందు మైనస్ ఉంటుంది. మైనస్ 90 లేదా అంతకంటే సున్నాకు దగ్గరగా ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 అంటే బలహీనం. వేరువేరు కంపెనీల సిమ్‌లు ఉన్న ఫోన్లు అడిగి తీసుకుని, ఇంట్లో కాకుండా మేడ మీద నాలుగు మూలలా చూడండి. ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్‌తో స్పీడ్ కూడా చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య ఒకసారి తప్పకుండా చూడాలి. ఊరంతా వీడియోలు చూసే ఆ వేళ టవర్ ఎంత ఇస్తుందో అదే మీకు దక్కే నెట్. వేసవిలో బాగున్న సిగ్నల్ వర్షాకాలంలో తగ్గవచ్చు, ఎందుకంటే టవర్‌కూ ఇంటికీ మధ్య చెట్లు దట్టంగా చిగురిస్తాయి. రిసీవర్ పెట్టే చోటు ఎంచుకునేటప్పుడు ఆ చెట్లనీ లెక్కలోకి తీసుకోండి.

5జీ అందకపోతే సిమ్ వేసుకునే 4జీ రూటర్ కొని, మేడ మీద బయటి యాంటెన్నా బిగించుకోవచ్చు. టవర్ వైపు తిప్పి బిగించిన యాంటెన్నా చాలా తేడా చూపిస్తుంది. రూటర్ కొనేముందు అది బయటి యాంటెన్నాకు సాకెట్ ఉన్న రకమేనా చూసుకోండి, అన్నింటికీ ఉండదు.

డబ్బు కట్టేముందు

ప్రకటనలో ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, అంటే 500 ప్లాన్ 590 అవుతుంది. ఇన్‌స్టాలేషన్ ఎంత, డిపాజిట్ ఎంత, అది తిరిగొస్తుందా, రూటర్ ఎవరిది అన్నవి రసీదు మీద రాయించుకోండి. నెలకు ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ తగ్గుతుందో, ఎంతకు తగ్గుతుందో అడగండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు అప్‌లోడ్ స్పీడ్ విడిగా అడగాలి, వీడియో మీటింగ్‌లో మీ గొంతు తెగిపోవడానికి సాధారణంగా అదే కారణం. ఏడాది ప్లాన్ తక్కువకు వస్తుందన్నా మొదటి నెల నెలవారీగానే కట్టండి.

లైను పెట్టే రోజు ఇంట్లో ఎవరైనా పక్కనే నిలబడండి. ఫైబర్ అయితే, అందులో వచ్చే కాంతి బలం కొలిచే పవర్ మీటర్ టెక్నీషియన్ దగ్గర ఉంటుంది, లైట్ ఎంత వస్తోందో చూపించమనండి. మైనస్ 27 డీబీఎం దగ్గర ఆగితే అప్పటికి నడుస్తుంది గానీ వాన పడి ఒక అతుకు చెడితే పోతుంది. మైనస్ 24 కన్నా మెరుగ్గా ఉండేలా అప్పుడే సరిచేయించుకోండి. రూటర్ హాల్లో, ఇంటి మధ్యన ఉంచండి. రాతి గోడల పాత ఇళ్లలో వైఫై ఒక గది దాటడం కష్టం. అలాంటిచోట చివరి గదికి ల్యాన్ వైరు లాగించి రెండో రూటర్ పెట్టడమే నయం.

కరెంటు పోయినప్పుడు

రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కొన్ని గంటలు నడుస్తుంది. అయితే అవతలి వైపు ఆపరేటర్ పరికరానికి బ్యాటరీ లేకపోతే మీ యూపీఎస్ వృథా. ఊళ్లో కరెంటు పోతే మీ దగ్గర ఎంతసేపు నడుస్తుందని కనెక్షన్ తీసుకునేముందే అడగండి.

ఫైబర్ నెట్ ఆగితే ఇంట్లోని ఫైబర్ డబ్బా మీద LOS అని రాసిన లైటు ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలిగితే వైరు ఎక్కడో తెగినట్టు, రూటర్ ఆపి మళ్లీ వేసినా ప్రయోజనం లేదు, లైన్‌మ్యాన్‌కే చెప్పాలి. లైన్‌మ్యాన్ ఫోన్ ఎత్తకపోతే కంపెనీ కాల్ సెంటర్‌కు ఫిర్యాదు ఇచ్చి డాకెట్ నంబర్ (ఆ ఫిర్యాదుకు వాళ్లిచ్చే నంబర్) రాసుకోండి. దానికి పరిష్కారం రాకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు, ఫీజు లేదు. ట్రాయ్ ఒక్కో వినియోగదారుడి ఫిర్యాదును తీసుకోదు కాబట్టి అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి. అప్పీలు తర్వాత కూడా కదలకపోతే టెలికాం శాఖ పోర్టల్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ అదే డాకెట్ నంబర్‌తో వెళ్లండి.