జీమెయిల్ కీవర్డ్ ఫిల్టర్: చెత్త ఆగకపోయినా, అవసరమైన మెయిల్ కనిపించకపోయినా

ఫలానా పదాలున్న మెయిల్‌ను ఏం చేయాలో జీమెయిల్‌కు ముందే చెప్పి ఉంచే నియమమే కీవర్డ్ ఫిల్టర్. ఈ ఫిల్టర్‌తో ఏ ఇబ్బంది వచ్చినా ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. దాదాపు అందరూ దాన్నే వదిలేస్తారు. ఫిల్టర్‌లో రాసిన పదాలను ఉన్నవి ఉన్నట్టుగా పైనున్న సెర్చ్ పెట్టెలో వేసి, ఏయే మెయిళ్లు వస్తున్నాయో చూడండి. స్పామ్, ట్రాష్ ఫోల్డర్లలో ఉన్నవి తప్ప, అక్కడ దొరకని మెయిల్ ఫిల్టర్‌కూ దొరకదు.

సమస్య: ఫిల్టర్ పెట్టినా చెత్త వస్తూనే ఉంది.

‘లోన్ లాటరీ క్యాసినో’ అని ఖాళీలు వదిలి రాస్తే ఆ మూడు పదాలూ ఒకే మెయిల్‌లో ఉండాలని అర్థం. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలనుకుంటే పదాల మధ్య ‘లేదా’ అని అర్థమిచ్చే ఇంగ్లిష్ పదం ‘OR’ను పెద్ద అక్షరాలలో పెట్టండి; చిన్న అక్షరాలలో పెడితే అదీ మామూలు పదమే అవుతుంది. పదంలో సగం ముక్క రాసి నక్షత్రం గుర్తు తగిలించినా ఫలితం ఉండదు.

సమస్య: రావలసిన మెయిల్ రాలేదు.

నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. ‘ఆఫర్’ అనే పదముంటే డిలీట్ చేయమని మా మేనల్లుడి ఖాతాలో నేనే ఫిల్టర్ పెట్టాను. కొన్ని నెలల తరువాత అతనికి ఉద్యోగపు ఆఫర్ లెటర్ పంపామని సంస్థవారు చెబుతుంటే, మేము రోజూ స్పామ్ ఫోల్డర్ తెరిచి చూస్తూ కూర్చున్నాం. డిలీట్ చేయమన్న ఫిల్టర్ మెయిల్‌ను స్పామ్‌లోకి కాదు, ట్రాష్‌లోకి పంపుతుంది; మామూలు సెర్చ్ ఆ రెండింటినీ వెతకదు; 30 రోజులు దాటితే ట్రాష్‌లోని మెయిల్ శాశ్వతంగా పోతుంది. మాకు అది 26వ రోజున దొరికింది.

కాబట్టి ముందు ట్రాష్ చూడండి. దొరికిన మెయిల్‌ను వెంటనే ఇన్‌బాక్స్‌కు తరలించి, కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి ఫిల్టర్ల జాబితాను మొదటి నుంచి చివరి వరకు చదవండి. ఎప్పుడో పెట్టి మరచిపోయిన ఫిల్టర్ ఒకటైనా ఉండవచ్చు. ‘హ్యాజ్ ద వర్డ్స్’ గడిలోని పదాన్ని జీమెయిల్ సబ్జెక్టులోనే కాక మెయిల్ మొత్తంలో వెతుకుతుంది కనుక, ఒంటరి పదాన్ని తీసేసి, ‘పర్సనల్ లోన్ ఆఫర్’ వంటి పూర్తి పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య సబ్జెక్ట్ గడిలో రాయండి. డిలీట్ బదులు ఇన్‌బాక్స్‌ను దాటవేసి లేబుల్ తగిలించే ఎంపికలను పెట్టి, కనీసం రెండు వారాలు ఆ లేబుల్ కింద ఏం చేరుతోందో గమనించండి. అంతవరకు డిలీట్ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

అక్షరాల మధ్య ఖాళీలు వదిలి పదాన్ని విడగొట్టిన మెయిళ్లు కూడా వస్తుంటాయి. వాటి కోసం కొత్త కీవర్డులు వెతకనక్కరలేదు. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కితే చాలు.