ఖాతా పుస్తకాన్ని ట్యాబ్‌లోకి, క్లౌడ్‌లోకి మార్చడం ఎలా?

అనంతపురంలో ఎరువుల దుకాణాలకు, ప్రైవేటు బడులకు, చిన్న క్లినిక్‌లకు ట్యాబ్‌లు సెట్ చేసి ఇవ్వడం నా పని. గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ, కళ్యాణదుర్గం దాకా తిరుగుతుంటాను. కొత్తవి పెట్టడానికి పట్టే టైము తక్కువే. ఎవరో పెట్టి చెడగొట్టినవి బాగు చేయడానికే రోజులు పోతున్నాయి. చెడిన చోటల్లా తప్పు ఒకటే. మంచి ట్యాబే కొంటారు, మంచి నెట్టే వేయించుకుంటారు. అందులో ఎవరి జీమెయిల్‌తో లాగిన్ అయ్యారో మాత్రం పట్టించుకోరు. అందుకే మిగతావన్నీ చకచకా చెప్పేసి, ఆ ఒక్క చోట ఎక్కువసేపు ఆగుతాను.

క్లౌడ్ అంటే భయపడాల్సినదేమీ లేదు. మీరు రాసిన లెక్క మీ ట్యాబ్‌తో పాటు నెట్ ద్వారా వెళ్లి ఆ కంపెనీ సర్వర్లలో కూడా నిలిచి ఉంటుంది. ట్యాబ్ పగిలినా, పోయినా, ఇంకో దాంట్లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే లెక్క మళ్లీ కనిపిస్తుంది. "అదే అకౌంట్‌తో" అన్న మాట గుర్తు పెట్టుకోండి.

ముందు సామాను

పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, సిమ్ వేసుకునే రకం. ఎనిమిది అంగుళాలది వద్దు, గళ్లలో అంకెలు సరిగ్గా కనపడక తప్పులు కొడతారు. వైఫై ఒక్కటే ఉన్నదీ వద్దు. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, పని కూడా ఆగిపోతుంది. మూత ఉన్న కవర్, తెర మీద అతికించే గ్లాసు, దానితో వచ్చిన చార్జరే. ఎండ పడే కిటికీ దగ్గరా, బండి డిక్కీలోనూ పెట్టకండి. ఎక్కువ కంపెనీలు 35 డిగ్రీల లోపు వాడమని చెబుతాయి. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది.

వాడటం రాదేమోనని టెన్షన్ పడకండి. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చాక మన పల్లెల్లో ఇది కొత్త వస్తువు కాదు. ఇంట్లో పిల్లలే నేర్పిస్తారు.

యాప్ విషయానికొస్తే, గళ్లలో లెక్క రాసుకునే గూగుల్ వాళ్ల ఉచిత యాప్ గూగుల్ షీట్స్ చాలు. నెలనెలా డబ్బు కట్టే యాప్‌లు అమ్మడానికి చాలామంది వస్తారు. నేను వద్దనే చెబుతాను. డబ్బు కట్టడం మానేసిన రోజు అందులోని మీ లెక్క మీ చేతికి ఎలా వస్తుందో అడగండి. సూటిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. షీట్స్‌లో రాసింది ఎప్పుడు కావాలన్నా ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చు. జీఎస్టీ లెక్కలు మీ ఆడిటర్ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయో అక్కడే ఉండనివ్వండి, వాటి జోలికి పోవద్దు.

వాట్సాప్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. రోజూ సాయంత్రం రిజిస్టర్ పేజీని ఫోటో తీసి గ్రూపులో పెడితే క్లౌడ్‌లో దాచినట్టేనని చాలా బడుల్లో అనుకుంటున్నారు. అది దాచడం కాదు. ఫోటోలో అంకెలను వెతకలేం, కూడలేం. ఫోన్ నిండిందని ఎవరో డిలీట్ చేస్తే, కొన్నాళ్ల తర్వాత మళ్లీ డౌన్‌లోడ్ చేద్దామన్నా రాదు. పైగా ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకొస్తుంది. గ్రూపు ఫోటోలతో అది నిండితే ఆ అకౌంట్‌లోకి మెయిల్ రావడం కూడా ఆగిపోతుంది.

అకౌంట్: ఇక్కడ తొందరపడొద్దు

ఊళ్లో ఒక డాక్టరు గారి క్లినిక్. షుగర్ పేషెంట్లు ఎక్కువ. కాంపౌండర్ కుర్రాడు తెలివైనవాడు, ట్యాబ్ కొన్న రోజే తన జీమెయిల్‌తో లాగిన్ అయి షీట్ తయారుచేశాడు. మూడేళ్లు బాగానే నడిచింది. తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అక్కడ ఫోన్ మార్చాడు, పాస్‌వర్డ్ మార్చాడు, ఆ మార్చిన పాస్‌వర్డ్ మర్చిపోయాడు. ఇక్కడ ట్యాబ్ లాగౌట్ అయిపోయింది. రికవరీకి, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ రావడానికి, ఇచ్చిన నంబరు ఇక్కడ వాడిన పాత సిమ్. రీచార్జ్ చేయకుండా వదిలేస్తే నంబరు కొంతకాలానికి ఇంకొకరికి పోతుంది, అలాగే పోయింది. ఆ అబ్బాయి మంచివాడే. ఆదివారం బస్సెక్కి వచ్చి నా పక్కన కూర్చుని ప్రయత్నించాడు. అకౌంట్ తెరుచుకోలేదు.

మర్నాడు నేను అక్కడే ఉన్నాను. ఒక ముసలావిడ వచ్చింది. "పోయినసారి షుగర్ ఎంతుండెమ్మా?" అని డాక్టరు గారు అడిగారు. ఆవిడ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర కాగితం చిరిగి, అంకె సగమే ఉంది. 210 అయినా కావచ్చు, 270 అయినా కావచ్చు. ఆ తర్వాత నెలల తరబడి వచ్చిన పేషెంటు దగ్గరల్లా చీటీ అడిగి, దొరికినంత మళ్లీ ఎక్కించుకున్నారు. చీటీ పారేసుకున్నవాళ్ల మూడేళ్ల లెక్క పోయినట్టే.

అందుకే ఈ పని యజమాని దగ్గరుండి చేయాలి. నాలాంటివాడు పక్కన కూర్చుని చెప్పాలి, అంతే. వేళ్లు యజమానివే ఉండాలి. "నువ్వే చేసేయ్ సార్, మాకేం తెలుసు" అంటే నేను ట్యాబ్ ముట్టుకోను.

రెండు అకౌంట్‌లు తెరవాలి. చాలామంది ఒకటే తెరుస్తారు. మొదటిది అసలు అకౌంట్. షీట్ దీని పేరు మీదే ఉంటుంది. ఇది యజమాని ఫోన్‌లో మాత్రమే ఉండాలి, ట్యాబ్‌లో ఎప్పుడూ ఉండకూడదు. రెండోది కౌంటర్ అకౌంట్. ట్యాబ్‌లో లాగిన్ అయ్యేది దీనితోనే. అసలు అకౌంట్‌లో తయారుచేసిన షీట్‌ను కౌంటర్ అకౌంట్‌కు ఎడిటర్‌గా, అంటే అందులో రాసే వీలుతో, షేర్ చేస్తాం. ట్యాబ్ ఎవరైనా ఎత్తుకుపోతే యజమాని ఫోన్‌లో ఆ షేర్ తీసేస్తే సరి. కౌంటర్ దగ్గర ఎవరైనా పొరపాటున ఫైల్ తీసేసినా వాళ్ల లిస్టులోంచి పోతుందే గానీ, అసలు ఫైల్ ఎక్కడికీ పోదు.

అసలు అకౌంట్ తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అడుగుతుంది. అక్కడ యజమాని పుట్టిన తేదీయే ఇవ్వండి. దుకాణం పేరుతో అకౌంట్ కదా అని దుకాణం తెరిచిన సంవత్సరం ఇచ్చినవాళ్లను చూశాను. 2017 అని కొడితే ఇది చిన్నపిల్లల అకౌంట్ అనుకుని గూగుల్ ఆపేస్తుంది.

రికవరీ నంబరుగా బ్యాంకుకు ఇచ్చిన నంబరునే ఇవ్వండి. దానికి రీచార్జ్ ఎవరూ మర్చిపోరు. ట్యాబ్‌లో వేసిన సిమ్ నంబరు ఇవ్వనే ఇవ్వకండి. ట్యాబ్ పోయిన రోజు కోడ్ ఆ పోయిన ట్యాబ్‌కే వెళుతుంది. రికవరీ మెయిల్‌కు ఇంట్లోవాళ్లది, భార్యదో కొడుకుదో ఇవ్వండి. పనివాళ్లది వద్దు.

పాస్‌వర్డ్‌లో దుకాణం పేరు, పక్కన 123 పెట్టకండి. నాలుగు సంబంధం లేని తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోమని చెబుతాను. గుర్తుంటుంది, ఊహించడం కష్టం.

తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి రుజువు అడిగే సెట్టింగ్, ఆన్ చేయండి. అక్కడే బ్యాకప్ కోడ్‌లు ఉంటాయి. పది ఇస్తాడు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయి, సిమ్ కూడా పోయిన రోజు మిమ్మల్ని లోపలికి పంపేది ఇవే. కాగితం మీద రెండు కాపీలు తీసి ఒకటి ఇంట్లో బీరువాలో, ఇంకొకటి వేరే ఇంట్లో, అన్న దగ్గరో ఆడిటర్ దగ్గరో పెట్టండి. ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోవద్దు. ఆ ఫోటో అదే అకౌంట్‌లోకి పోయి కూర్చుంటుంది. తాళంచెవి బీరువా లోపలే పెట్టి తాళం వేసినట్టవుతుంది.

షేర్ చేసే దగ్గర రెండు విషయాలు చూడండి. లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్ పెట్టకండి, రిస్ట్రిక్టెడ్ అనే ఉండాలి. ఒక బడిలో ఆ లింక్ తల్లిదండ్రుల గ్రూపులోకి పోయింది. ఎవరి పిల్లవాడు ఫీజు ఎంత బాకీ ఉన్నాడో ఊరంతా చూసింది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి వారం రోజులు బడికి రాలేదు. రెండోది, అదే షేర్ పేజీలో చక్రం గుర్తు నొక్కితే ఎడిటర్లు ఇతరులకు షేర్ చేయవచ్చు అనే చోట టిక్ ఉంటుంది. అది తీసేయండి. ముందుగా ఉండేది టిక్ పెట్టే, ఎవరూ చూడరు.

పనివాళ్లకు పాస్‌వర్డ్ చెప్పకండి. వాళ్ల ఫోన్‌లో కూడా కావాలంటే వాళ్ల జీమెయిల్‌కు షేర్ చేయండి, మానేసిన రోజు తీసేయండి. ఇది వాళ్ల మీద అనుమానంతో కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు మార్చారో వెర్షన్ హిస్టరీలో తెలుస్తుంది, ఏ పాపం ఎరగనివాడి మీద నింద పడదు.

ఇంత చేశాక ఒక్క ఎంట్రీ కూడా వేయకముందే పరీక్ష పెట్టుకోండి. ట్యాబ్, ఫోన్ రెండూ సొరుగులో పెట్టి మూసేయండి. ఇంట్లోవాళ్ల ఫోన్ తీసుకుని అసలు అకౌంట్‌లోకి వెళ్లండి. కోడ్ అడిగితే బీరువాలోని కాగితం తెచ్చి ఒక కోడ్ కొట్టండి. షీట్ తెరుచుకుంటే ఆ కోడ్ మీద రెండు కాపీల్లోనూ గీత గీయండి, తర్వాత ఆ ఫోన్‌లోంచి లాగౌట్ అవ్వండి. తెరుచుకోకపోతే మొదటి నుంచి మళ్లీ చేయండి. నేను ఈ పరీక్ష కాకుండా ఎక్కడా డబ్బు తీసుకోను.

షీట్

తేదీ, ఊరు, పేరు, ఫోన్ నంబరు, సరుకు, మొత్తం, జమ. ఇవి చాలు. పేరు కంటే ముందు ఊరు ఉండాలి. ఒక్క ఊళ్లోనే నలుగురు ఓబులేసులు ఉంటారు. ఫోన్ నంబరు తప్పనిసరి. ఒకరోజు ఓబులేసు అని, ఇంకోరోజు ఓబులేశు అని కొడితే వెతికినప్పుడు సగమే దొరుకుతుంది, నంబరుతో వెతికితే అంతా వస్తుంది. రైతు చెనక్కాయలు అమ్మి డబ్బు కట్టినప్పుడు పాత వరసలో అంకె దిద్దకండి, కొత్త వరసలో జమ వేయండి. తెలుగు టైపింగ్ కష్టమైతే గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో మైక్ నొక్కి చెప్పండి, పేర్లు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

సిగ్నల్ లేని చోటికి వెళుతుంటే, ముందే షీట్ పక్కన మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉంచే ఆప్షన్ ఆన్ చేయండి. తిరిగొచ్చాక నెట్‌లో ఒకసారి యాప్ తెరవండి, అదే ఎక్కించుకుంటుంది. అలా ఎక్కేలోపు లాగౌట్ చేయడం, యాప్ తీసేయడం చేస్తే ఆ రోజు రాసింది పోతుంది.

బడికి, క్లినిక్‌కు

పద్ధతి ఇదే, కొద్దిగా తేడా. బడి షీట్‌లో హాజరు, మార్కులు చాలు. పిల్లల ఆధార్ నంబర్లు, ఫోటోలు వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. అడ్మిషన్ ఫారంలోనే ఒక వాక్యం చేర్చి సంతకం తీసుకోండి. ఫీజు షీట్ వేరు, మార్కుల షీట్ వేరు. టీచర్లకు మార్కులదే షేర్ చేయండి. సొంత వెబ్ అడ్రస్ ఉన్న పెద్ద బడి అయితే గూగుల్ బడుల కోసం ఇచ్చే వర్క్‌స్పేస్‌కు, అంటే అందరి అకౌంట్‌లూ బడి చేతిలోనే ఉండే ఏర్పాటుకు, దరఖాస్తు పెట్టుకోండి. అర్హత ఉన్న బడులకు ప్రాథమిక ప్లాన్ ఉచితం. మానేసిన టీచర్ అకౌంట్‌ను హెడ్మాస్టరే ఆపేయవచ్చు.

క్లినిక్‌లో టోకెన్ల షీట్ ఒకటి, బీపీ, షుగర్ రీడింగుల షీట్ ఇంకొకటి. మొదటిది కౌంటర్ దగ్గర, రెండోది డాక్టరు గారి బల్ల మీద ట్యాబ్‌లో. రెండూ కలిపితే వరసలో నిలబడ్డవాళ్లు పక్కవాళ్ల జబ్బు చదువుతారు. పేషెంటు 14 అంకెల ఆభా నంబరుతో, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరుతో, రికార్డు కలపాలంటే మాత్రం షీట్ పనికిరాదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు అనుసంధానమైన సాఫ్ట్‌వేర్ తీసుకోవాల్సిందే.

మొదటి నెల

నెల రోజులు కాగితం మీదా, ట్యాబ్‌లోనూ రెండూ రాయండి. రాత్రి మొత్తాలు సరిచూసుకోండి. ఎరువుల దుకాణం వాళ్లు ముంగారు విత్తనాల సీజన్లో మొదలుపెట్టకండి. జూన్, జూలైలో రద్దీకి రెండుచోట్లా రాయలేక రెండూ సగంలో వదిలేస్తారు. ఫిబ్రవరిలో మొదలుపెడితే సీజన్ వచ్చేసరికి చేయి తిరుగుతుంది.

ప్రతి నెలా ఒకటో తేదీన షీట్‌ను ఎక్సెల్‌గా దించి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. షీట్‌లు దాచి ఉండే గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ అయిన ఫైల్ బిన్‌లో 30 రోజులే ఉంటుంది కాబట్టి నెలకోసారి తప్పదు. పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు పక్కనే ఉన్న కోడ్‌ల కాగితం కూడా చూడండి. గీత గీయనివి మూడుకు తగ్గితే కొత్త పది తీసుకోండి. కొత్తవి తీసిన క్షణం నుంచి పాతవి పనిచేయవు. బీరువాలోదీ, అన్న దగ్గర ఉన్నదీ రెండు కాగితాలూ చింపేసి కొత్తవి పెట్టండి.