ఇంజను నీళ్లు తాగితే ముందు హ్యాండిల్ పక్కన పెట్టండి: వేట మొదలయ్యే ముందు జాగ్రత్తలు

ఏప్రిల్ 15న మొదలైన చేపల వేట నిషేధం జూన్ 14తో తీరిపోతుంది. ఆ మర్నాడు తెల్లారకముందే ఒడిశా తీరంలో ఇటు సోనాపూర్ నుంచి అటు గోపాల్‌పూర్, ఆర్యపల్లి దాకా మన తెలుగు మత్స్యకారుల ఊళ్లన్నీ ఇసుక మీదే ఉంటాయి. చేతిలో డబ్బు లేక రెండు నెలలు గడిచాయి కాబట్టి అందరిదీ ఆత్రమే. సరిగ్గా అప్పుడే నైరుతి గాలి లేచి కెరటం పెద్దదవుతుంది, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక తిన్నె పోయినేడు ఉన్న చోట ఉండదు. నేను చూసినంతలో తెప్ప బోల్తాపడి ఇంజను మునగడం ఎక్కువగా ఈ మొదటి వారం పది రోజుల్లోనే జరుగుతుంది, అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మా తెప్ప బాహుదా మొగలో అడ్డం తిరిగింది. మనుషులం నలుగురం క్షేమంగా ఒడ్డుకు చేరాం, తాడు కట్టి ఉండడం వల్ల ఇంజను కూడా దక్కింది. పైకి చూస్తే దానికి ఒక్క గీత పడలేదు. చుట్టూ చేరిన పదిమందీ ఒకటే మాట, వేడి మీద ఉండగానే స్టార్ట్ చేసేయండి, లోపలి నీళ్లు అవే ఆవిరైపోతాయి అని. మా బావ డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో గాలి బిగుసుకోకుండా వదిలే మీట) ఎత్తి, హ్యాండిల్ జోరుగా తిప్పి, ఫ్లైవీల్ వేగం అందుకోగానే లివర్ వదిలేశాడు. టక్కుమని ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాదు, ఎండు కొబ్బరి మట్ట విరిగినట్టు వినిపించింది. తర్వాత ఎలాగోలా స్టార్టయింది, తెల్ల పొగ పోసింది, కొట్టుకుంటూనే నాలుగు రోజులు వేటకు వచ్చింది. ఐదో రోజు కనెక్టింగ్ రాడ్ తెగి బాడీకి బెజ్జం పెట్టుకుని బయటికొచ్చింది. ఆ రోజు ఒడ్డున ఒక గంట ఓపిక పట్టి ఉంటే ఆ ఇంజను ఇప్పటికీ తిరుగుతూ ఉండేదని నా నమ్మకం.

ఎందుకలా అవుతుందంటే, డీజిల్ ఇంజను సిలిండర్‌లోకి పీల్చిన గాలిని సుమారు పద్దెనిమిదో వంతుకు నొక్కుతుంది. గాలి నలుగుతుంది కానీ నీళ్లు నలగవు. పిస్టన్ పైన ఆ కొద్ది చోటును నీళ్లు నింపేస్తే పైకొచ్చే పిస్టన్‌కు వెళ్లడానికి దారి ఉండదు, వెనక నుంచి ఫ్లైవీల్ తోస్తూనే ఉంటుంది, ఆ రెంటి మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాడు లాగే ఇంజనైనా, హ్యాండిల్ తిప్పేదైనా, సెల్ఫ్ ఉన్నదైనా ఇదే సంగతి.

అందుకని మునిగిన ఇంజను ఒడ్డుకు రాగానే మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న, నీళ్లు లోపలికి వెళ్లేటప్పటికి ఇంజను తిరుగుతోందా, ఆగి ఉందా అని. ఆగి ఉన్నప్పుడు మునిగితే దాదాపు ఎప్పుడూ బాగుచేసుకోవచ్చు. తిరుగుతూ ఉండగా మునిగి, ఠక్కున ఆగిపోయిందంటే రాడ్ మీద అనుమానం పెట్టుకునే పని మొదలుపెట్టండి.

ముందు డీజిల్ కట్టేసి, ఇంజనంతా మంచినీళ్లతో కడగండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి ఆ దారిలో ఉన్న ఇసుక కూడా పోయేలా కడగాలి. తర్వాత సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ను, దాని పైపును విప్పండి, విప్పిన పైపు కొసలకు శుభ్రమైన పాలిథిన్ కవరు చుట్టండి, ఎందుకంటే ఆ సన్నటి దారిలో ఒక్క ఇసుక రేణువు పడినా పంపు పాడవుతుంది. ఇప్పుడు మొహం పక్కకు పెట్టుకుని ఫ్లైవీల్ చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఇంజెక్టర్ బెజ్జంలోంచి నీళ్లు చిమ్ముతాయి. గాలి తప్ప ఏమీ రానంతవరకు తిప్పాలి. ఒకవేళ చేత్తో తిప్పినా ఒక చోట ఆగిపోతుంటే పైపు తొడిగి బలం పెట్టకండి, అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి.

ఆయిలు సంగతికొస్తే, ఇంజన్ను కాసేపు కదపకుండా నిలబెట్టి, కింది డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా అర చుట్టు మాత్రమే వదులు చేసి కింద వేలు పెట్టి చూడండి. నీళ్లు బరువు కాబట్టి ఆయిలు కిందికి చేరి ఉంటాయి. తేటగా, పల్చగా, ఉప్పగా ఉండేవి ముందు దిగితే నీళ్లు అడుగుకు చేరాయి, ఇంకా ఆయిల్లో కలవలేదు, మీ అదృష్టం. అలా కాకుండా పాలు ఎక్కువైన టీలాగో, చిక్కటి మజ్జిగలాగో వస్తే ఇంజను తిరుగుతూ నీళ్లనూ ఆయిలునూ చిలికేసిందని అర్థం. డిప్‌స్టిక్ మీద మట్టం నిన్నటికంటే పెరిగినా అంతే, ఆయిలు ఎప్పుడూ దానంతటది పెరగదు. ఇంకా అనుమానముంటే ఒక రేకును బాగా వేడిచేసి, డీజిల్ దగ్గర్లో లేకుండా చూసుకుని, ఆ ఆయిలు ఒక్క చుక్క వేయండి. నీళ్లుంటే పోపు గింజల్లా చిటపటలాడుతుంది, లేకపోతే మౌనంగా పొగ వస్తుంది.

ఆయిలంతా తీసేశాక సిలిండర్‌లోనూ, కింద చాంబర్‌లోనూ శుభ్రమైన డీజిల్ పోసి, చేత్తో తిప్పి, మళ్లీ వంపేయండి. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టర్. డీజిల్ ట్యాంకు కూడా పూర్తిగా ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చి, లైన్లో ఎయిర్ తీసి అప్పుడు స్టార్ట్ చేయండి. తక్కువ రేసులో పది పదిహేను నిమిషాలు నడిపి వేడి మీదే ఆ ఆయిలు తీసేయాలి. అది మళ్లీ తెల్లబారి ఉంటుంది, కంగారు పడకండి, మళ్లీ పోసి మళ్లీ నడపండి. ఆయిలు ఆయిలు రంగులోనే దిగేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయక తప్పదు. చిన్న ఇంజన్లకు పట్టేది తక్కువే కనుక ఇక్కడ ఆయిలు ఖర్చు చూసి వెనకాడకండి, బేరింగుల ముందు అది ఏపాటి.

ఇదంతా ఆ రోజే జరగాలి. చీకటి పడిపోయింది, పానాలు లేవు, బరంపురం నుంచి మెకానిక్ రేపు గానీ రాడు అనుకోండి, అప్పుడు ఇంజన్ను ఇసుక మీద ఎండకు వదిలేయకండి. మంచినీళ్ల డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి. వినడానికి ఇది విడ్డూరంగా ఉంటుంది, నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ ఉప్పు తడి మీద గాలి తగిలినప్పుడే తుప్పు పరుగెత్తుతుంది, మంచినీళ్లలో మునిగి ఉన్న ఇనుముకు గాలి బాగా తక్కువ అందుతుంది, ఉప్పూ పలచబడుతుంది. రాత్రంతా ఒడ్డున ఆరబెట్టిన ఇంజను లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) తెల్లారేసరికి ఎర్రగా మారడం నేను కళ్లారా చూశాను.

పెట్రోలు ఔట్‌బోర్డులకు కూడా పద్ధతి ఇదే, ఇంజెక్టర్ బదులు ప్లగ్గు తీసి, బెజ్జం కిందికి వచ్చేలా వంచి తిప్పాలి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయాలి, మాగ్నెటో, వైర్ల ముక్కులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వీటిలో ఇంకో దొంగదారి కూడా ఉంది. ప్రొపెల్లర్ వెనక నైలాన్ వల దారం చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది, అక్కడి నుంచి నీళ్లు గేరు బాక్సులోకి దిగుతాయి. వారానికోసారి ప్రొపెల్లర్ తీసి చూస్తే పోయేదానికి గేర్లన్నీ మార్చుకున్నవాళ్లున్నారు.

ఇంజను స్టార్టయినా రాడ్ బాగున్నట్టు కాదు. ఎప్పుడూ లేని కొట్టుకునే చప్పుడు, తగ్గిన కంప్రెషన్, వేడెక్కినా ఆగని తెల్ల పొగ ఉంటే హెడ్ విప్పించండి. పిస్టన్‌ను టాప్‌కు తెచ్చి బ్లాకు మీద స్టీలు స్కేలు అడ్డం పెడితే, అంతకుముందు ఉండాల్సిన ఎత్తుకు పిస్టన్ రాకుండా కిందే ఉండిపోయిందంటే రాడ్ వంగిందన్నమాటే. లైనర్‌లో ఒక పక్కే రాపిడి మెరుపు కనిపించినా అదే కథ. వంగిన రాడ్‌ను సుత్తితో సరిచేసి ఇస్తామనేవాళ్లుంటారు, దయచేసి ఒప్పుకోకండి. నడి సముద్రంలో తెగితే మీ పక్కన ఉండేది మీ పిల్లలో, బావమరుదులో.

రాడ్, రింగులు, బేరింగులతో పోయేదైతే బాగుచేయించుకోండి. రాడ్ తిప్పే క్రాంకు ఇరుసు మీద గుంటలు పడి, లైనరూ తుప్పు పట్టి, పంపు కూడా పోయి ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే మాత్రం మార్చడమే మేలని నా అభిప్రాయం. మార్చేటప్పుడు హార్స్‌పవర్, షాఫ్ట్ పొడవు, తిరిగే వైపు, మౌంటింగ్ బోల్టుల కొలత పాతదానితో సరిపోవాలి. పక్కవాడు పెద్దది పెట్టాడని మనమూ పెడితే బరువుకు వెనక పలక పగులుతుంది. పాత డీజిల్ ట్యాంకు, రబ్బరు పైపులు శుభ్రం చేయకుండా కొత్త ఇంజనుకు తగిలించకండి, పాతదాన్ని పాడుచేసిన నీళ్లు అందులోనే ఉండి ఉండొచ్చు. సెకండ్‌హ్యాండ్ అయితే చల్లగా ఉన్నప్పుడే మీ ఎదుట స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. బోల్టుల గాడుల్లోకి కూడా కొత్త పెయింటు దిగి ఉంటే ఆ రంగు కింద ఏముందో గీకి చూడండి. ఇచ్ఛాపురంలో కొన్నా బరంపురంలో కొన్నా బిల్లు తీసుకుని, బోటు కాగితాల్లో ఇంజను వివరాలు మార్పించండి. ఇన్సూరెన్స్ ఉంటే విప్పకముందే ఫోటోలు తీసి వాళ్లకు కబురు పెట్టాలి.

ఇక జూన్ 15కు ముందు చేయాల్సినవి. రెండు నెలలు పరదా కింద ఉన్న ఇంజన్ను మొదటిసారి తిప్పేముందు ఆ డ్రెయిన్ బోల్టు పరీక్ష చేయండి. సగం ఖాళీగా ఉన్న డీజిల్ క్యాన్లలో రాత్రి చెమ్మ నీరై అడుగుకు చేరుతుంది, ఆ డీజిల్ గాజు సీసాలో పోసి ఒక పూట ఉంచితే అడుగున గీత గీసినట్టు కనబడుతుంది. మొగ దాటేటప్పుడు పాటు నీరు బయటికి లాగుతుంటే ఎదురు కెరటం నిటారుగా లేచి విరుగుతుంది, పోటు నిండేదాకా ఆగితే ఆగిన సమయం నష్టం కాదు.

అక్టోబరు సంగతి కూడా ఇప్పుడే అనుకోండి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12నే, 2018లో తిత్లీ పలాస వైపు వచ్చింది 11న. వాయుగుండం మాట వినగానే ఇంజను దించి ఇంటికి మోయండి, ఇంట్లోనూ నేల మీద కాదు, బల్ల మీదో అరుగు మీదో. అంతకు ముందు సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిలు పోసి నెమ్మదిగా తిప్పి, కంప్రెషన్ బిగుసుకున్న చోట ఆపండి, అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి కాబట్టి చెమ్మ లోపలికి పోదు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక రేకు పెట్టె ఉంది. ఐదు లీటర్ల ఆయిలు, రెండు ఫిల్టర్లు, రాగి వాషర్లు, ఇంజెక్టర్ విప్పే పానా, పాలిథిన్ కవర్లు, తాడు. పక్కనే నీళ్ల డ్రమ్ము. ఈసారి హ్యాండిల్‌ను కూడా ఇంజనుకు తగిలించి ఉంచకుండా ఆ పెట్టెలోనే, అన్నిటికంటే అడుగున పెట్టాను.