పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి హెడ్‌లైట్ బిగించే ముందు అద్దం చూడండి

పాత ఆఫ్‌రోడ్ బండ్లలో చాలావాటికి ఉండేది 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైటే. గుండ్రంగానే ఉంది కదా, ఎలా తిప్పి పెట్టినా ఒకటే అనుకుంటారు, తప్పు అక్కడే మొదలవుతుంది. లైటు ముందు అద్దం లోపలివైపు గీతలు, గళ్లు కనిపిస్తాయి చూడండి, అవి అందానికి కాదు, వెలుతురును రోడ్డు మీద వెడల్పుగా పరిచేది అవే. అద్దం మీద టాప్ అని అచ్చు ఉంటే అది పైకే ఉండాలి. లైటు వెనక మూడు బుడిపెలు, లైటు కూర్చునే డబ్బాలో వాటికి సరిపడే గుంటలు ఉంటాయి, మూడూ సరిగ్గా కూర్చున్నాకే రింగ్ బిగించండి.

వేరే దేశం నుంచి తెప్పించిన లైట్లయితే ఇంకో సంగతి. డిమ్ వేసినప్పుడు వెలుతురు రోడ్డు అంచు వైపు కాస్త పైకి లేస్తుంది. ఎడమవైపు నడిపే చోట అది ఎడమకు లేవాలి. కుడికి లేస్తుంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకే కొడుతుంది, ఎంత సర్దినా బాగుపడదు, లైటే మార్చాలి.

విప్పేటప్పుడు తొందర వద్దు. రింగును పట్టుకునే చిన్న స్క్రూలు వేరు, లైటును పైకీ కిందకీ, పక్కలకీ జరిపే రెండు స్క్రూలు వేరు. ఈ రెండోవాటిని ఇప్పుడు ముట్టుకోకండి. తుప్పు పట్టి ఉంటే ముందు రోజే నూనె వేసి వదిలేయండి.

నా బండి లైట్లు చాలాకాలం గుడ్డిగా వెలిగేవి. రెండుసార్లు బల్బులు మార్చాను, తేడా లేదు, చివరికి చూస్తే ఎర్త్ వైరు బిగించిన చోట రంగు, తుప్పు పేరుకుని ఉన్నాయి. ఆ చోటు ఇనుము మెరిసేదాకా గీకి బిగించాక అవే బల్బులు తెల్లగా వెలిగాయి. కాబట్టి డబ్బులు పెట్టే ముందు ఎర్త్ చూడండి. బ్యాటరీ కూడా చూడండి, 1950ల తొలి ఏళ్ల వరకు చాలా అమెరికన్ బండ్లు 6 వోల్టులవే, వాటికి 12 వోల్టుల బల్బు పనికిరాదు. డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 బల్బు వేస్తుంటే 12 వోల్టుల మీద 60 వాట్లంటే ఒక్కోటి 5 ఆంపియర్లు, రెండూ కలిపి 10, ఆ బరువంతా పాత స్విచ్ మీద వేయకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) పెట్టి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ వేయండి.

ఇక గురి, ఇందాక ముట్టుకోవద్దన్న రెండు స్క్రూలతో చేసేది ఇదే. టైర్లలో గాలి సరిగ్గా నింపి, మామూలుగా మోసే బరువు బండిలో ఉంచి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలబెట్టండి. నేల నుంచి లైటు మధ్యభాగం ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అంతే ఎత్తులో టేపు అంటించండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు టేపుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. ఒక లైటును గుడ్డతో కప్పి రెండోది సర్దండి, లేకపోతే ఏ వెలుగు దేనిదో తెలియదు. సస్పెన్షన్ ఎత్తు పెంచినా, పెద్ద టైర్లు వేసినా ఇదంతా మళ్లీ చేయాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల్లో హెడ్‌లైట్‌ను వెనక్కి తిప్పి ఇంజన్ మీదికి వెలుగు పట్టేలా మడత బందు ఉండేది, నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు అది. మీ బండికి అదే ఉంటే దాని నట్టు గట్టిగా బిగిసిందో లేదో చూశాకే గురి మొదలుపెట్టండి. పని అయ్యాక గతుకుల మట్టిదారిలో ఒక చుట్టు తిప్పి తెచ్చి, అదే గోడ ముందు, అదే టేపు దగ్గర ఇంకోసారి చూడండి.