రొయ్య ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఎగుమతి ప్లాంటులో కార్మిక హక్కులు తనిఖీ చేసే పద్ధతి

ఎగుమతి చేసిన వనామీ (చెరువుల్లో పెంచే ఒక రకం) రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషం బయటపడితే, ఆ సరుకు ఏ చెరువుదో ప్లాంటు వాళ్లు చెప్పగలగాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వల్ల కంటైనర్లు వెనక్కి వస్తాయన్న భయమే లాట్ నంబరు (ఒక విడత సరుకుకు ఇచ్చే గుర్తు సంఖ్య), చెరువు నమోదు, పట్టుబడికి ముందు చేయించే పరీక్ష పత్రం లాంటివన్నీ అలవాటు చేసింది. అదే రొయ్యకు తల ఎవరు తీశారు, ఎన్ని గంటలు నిలబడి తీశారు, వాళ్ల చేతికి ఎంత ముట్టింది అని అడిగితే చాలాచోట్ల కాగితం దొరకదు. మందును వెతికే దారిలోనే మనిషినీ వెతకవచ్చు. తనిఖీని పాలసీ ఫైలుతో కాకుండా లాట్ నంబరుతో మొదలుపెట్టమనేది అందుకే.

ప్లాంట్లలో కంప్లయన్స్ (నిబంధనల అమలు) చూసేవాళ్లు, ఎగుమతిదారులు, విదేశీ కొనుగోలుదారుల తరఫున ఇక్కడ పనిచేసేవాళ్లు ఈ పద్ధతిని వాడుకోవచ్చు. దీని వెనుక ఉన్నవి వ్యాపారం, మానవ హక్కులపై 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు, 2018లో ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల సంస్థ) వెలువరించిన డ్యూ డిలిజెన్స్ మార్గదర్శిని. డ్యూ డిలిజెన్స్ అంటే ఇదీ: హాని ఎక్కడుందో వెతకాలి, ఆపాలి, ఆగిందో లేదో చూడాలి, నష్టపోయినవాళ్లకు సరిచేయాలి, చేసింది బయటకు చెప్పాలి. సర్టిఫికెట్ తెచ్చుకోవడం వేరు, ఇది వేరు.

చట్టం వైపు నుంచి ఒత్తిడి కూడా పెరిగింది. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును అమెరికా 1930 టారిఫ్ చట్టం 307వ సెక్షన్ కింద రేవులోనే ఆపేయగలదు. దేశంలో తయారీ గిరాకీకి చాలకపోతే అలాంటి సరుకునూ రానివ్వవచ్చన్న పాత మినహాయింపును 2016లో తీసేశాక ఆ సెక్షన్‌కు పదును వచ్చింది. ఐరోపా సమాఖ్య కూడా ఇలాంటి నిషేధాన్ని 2024లో చట్టం చేసింది, 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది. మన దేశంలో పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి కింద రాష్ట్ర నియమాలు ఎంతవరకు వచ్చాయో తనిఖీకి వెళ్లేముందు చూసుకోండి.

మూడు లాట్లు మీరే ఎంచుకోండి

గత 12 నెలల్లో ఎగుమతైన లాట్ల జాబితా తీసుకుని మూడింటిని మీరే గుర్తుపెట్టండి. ఒకటి పట్టుబడులు ముమ్మరంగా ఉన్న నెలది, ఒకటి సరుకు పలుచగా ఉన్న నెలది, మూడోది చిన్న కౌంట్‌లో (అంటే కిలోకు ఎక్కువ తూగే చిన్న రొయ్య) పూర్తిగా ఒలిచి నరం తీసిన సరుకు అయి ఉండాలి. చిన్న కౌంట్ ఎందుకంటే, కిలోకు 100 రొయ్యలు తూగే సరుకు ఒలవడానికి 40 కౌంట్ కంటే చాలా ఎక్కువ చేతులు కావాలి. పని బయటికి పోయేది ఎక్కువగా అక్కడే. ఏ లాట్లు చూస్తారో ముందురోజు చెప్పవద్దు.

ఒక్కో లాట్‌కు ఈ కాగితాలు అడగండి: చెరువు రిజిస్ట్రేషన్, పట్టుబడి రోజు కాటా చీటీ, లారీ బిల్లు, ప్లాంటులో సరుకు దిగిన రిజిస్టర్, తల తీత, ఒలుపు షీట్లు, ఆ రోజు హాజరు, ఆ రోజుల జీతం పట్టీ, కార్మికులను తెచ్చిన బస్సుల ట్రిప్ షీట్లు, గేటు రిజిస్టర్. చివరి రెండూ తప్పకుండా తీసుకోండి. ఆడిట్ కోసమని హాజరు పట్టీని తిరగరాసేవాళ్లు ఉంటారు కానీ బస్సు డ్రైవరు డీజిల్ కోసం రాసుకున్న షీట్‌ను ఎవరూ తిరగరాయరు. బస్సు రాత్రి 9:40కి బయల్దేరినట్టుండి, హాజరులో అందరూ సాయంత్రం 6 గంటలకు దిగిపోయినట్టుంటే, మిగతాది అడగడమే మీ పని.

కిలోల లెక్క

తనిఖీ మొత్తంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. రొయ్య బరువుకూ మనిషి గంటలకూ ఉన్న సంబంధాన్ని కాగితం మీద దాచడం కష్టం.

తలతో ఉన్న వనామీ 100 కిలోలు తీసుకుంటే, తల తీశాక సుమారు 65 కిలోలు మిగులుతుంది. ఒక లాట్‌లో 6,000 కిలోలు దిగిందనుకుందాం. తల తీశాక 3,900 కిలోలు. హాజరు ప్రకారం ఒలుపు బల్లల దగ్గర 90 మంది, ఒక్కొక్కరు 8 గంటలు, అంటే 720 గంటలు. గంటకు మనిషి 5.4 కిలోలు ఒలిచినట్టు లెక్క తేలుతుంది. ఇప్పుడు హాల్‌లోకి వెళ్లి అదే కౌంట్ సరుకు మీద పదిమందిని గంటసేపు గమనించండి. బాగా చేయి తిరిగినవాళ్లను, కొత్తవాళ్లను కలిపి చూడండి. సగటున గంటకు 4 కిలోలు వచ్చిందనుకోండి. ఆ లాట్‌కు 975 గంటలు కావాలి, కాగితం మీద ఉన్నవి 720. మిగతా 255 గంటల పని ఎవరో చేశారు. రాయని ఓవర్‌టైమ్ అయినా అయి ఉండాలి, ప్లాంటు బయట షెడ్డులో అయినా జరిగి ఉండాలి. రెండింటిలో ఏదో తేల్చడానికి బయటకు వెళ్లి తిరిగొచ్చిన ట్రేలు, ఐసు వాడకం, ఆ రోజు గేటు దాటిన చిన్న వాహనాల పద్దు చూడండి.

ఈ లెక్కలో పొరపాటు జరిగేది బరువు ఏ దశలో తూచారన్న దగ్గర. తలతో తూచిన కిలోను, ఒలిచాక తూచిన కిలోను కలిపేస్తే అంతా తారుమారు అవుతుంది. కార్మికురాలికి కూలి కట్టేది ఏ కాటా మీదో కూడా అప్పుడే అడగండి. ట్రేలో నీళ్లు, ఐసు తరుగు కింద ఎంత తీసేస్తున్నారో బోర్డు మీద రాసి ఉండాలి. కాటా ముల్లు ఆమెకు కనబడేలా ఉండాలి.

బయటి షెడ్డు గురించి ఇంత పట్టు ఎందుకంటే, 2015లో థాయిలాండ్ ఒలుపు షెడ్లలో వలస కార్మికుల నిర్బంధ శ్రమ బయటపడింది అలాంటిచోటే. ఆ దెబ్బతో అక్కడి అతిపెద్ద ఎగుమతి సంస్థ బయటి షెడ్లతో పని మానేసి, ఒలుపును తన ఫ్యాక్టరీల్లోకి తెచ్చుకుంది.

కిలో కూలి కనీస వేతనానికి తగ్గుతోందా?

కిలో చొప్పున కూలి ఇవ్వడం తప్పు కాదు. ఆ లెక్కన వచ్చిన డబ్బు గంటల లెక్కన రావాల్సిన కనీస వేతనం కంటే తగ్గితేనే తప్పు. ఎనిమిది గంటల కనీస వేతనం 440 రూపాయలు అనుకుందాం (ఇది లెక్క చూపడానికే, అసలు రేటు కార్మిక శాఖ తాజా నోటిఫికేషన్‌లో కరువు భత్యంతో కలిపి చూడండి). గంటకు 55. పది గంటలు పనిచేస్తే మొదటి ఎనిమిదికి 440, మిగతా రెండింటికి రెట్టింపు చొప్పున 220, మొత్తం 660. ఆమె 40 కిలోలు ఒలిచింది, కిలోకు 12 రూపాయలు, చేతికి 480. ఆ ఒక్కరోజుకే 180 రూపాయలు బాకీ. ఇలా పదిమందికి మూడు నెలల లెక్క కట్టి యాజమాన్యం ముందు పెట్టండి. ‘వేతన సమస్యలు గమనించాం’ అని రాసే రిపోర్టుతో ఎవరికీ ఒక్క రూపాయి తిరిగిరాదు.

ఈఎస్‌ఐ కోత వేతనంలో 0.75 శాతం, పీఎఫ్ కోత 12 శాతం. కోత పడటం ఒకటి, జమ కావడం ఇంకొకటి. జీతం చీటీని నమ్మవద్దు. కార్మికురాలి అనుమతితో ఆమె ఫోన్‌లోనే యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) పాస్‌బుక్ తెరిచి చూడండి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు తీస్తూ పోతే ఒకే మనిషికి మూడు నాలుగు ఖాతాలు ఉంటాయి, పాత డబ్బు వాటిలోనే చిక్కుకుపోతుంది. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే కట్టాల్సింది ప్లాంటే. ఆ సంగతి ఒప్పందంలో లేకపోయినా చట్టంలో ఉంది.

మేస్త్రీ నోట్‌బుక్

ఒడిశా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటు హాస్టల్లో ఉండేవాళ్ల విషయంలో అసలు జీతం పట్టీ వాళ్లను పనికి తెచ్చిన మేస్త్రీ నోట్‌బుక్కే. ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, రైలు టికెట్, హాస్టల్, భోజనం కింద ఎంత పట్టుకున్నారు, మిగిలింది ఎంత అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూపించమనండి. ముందు లేదంటారు. ‘అడ్వాన్సులు ఎలా గుర్తుంచుకుంటున్నారు?’ అని నెమ్మదిగా అడిగితే బయటికొస్తుంది.

అందులో రెండు ప్రశ్నలకు జవాబు వెతకండి. బాకీ నెలనెలా తగ్గుతోందా, పెరుగుతోందా? బాకీ ఉండగా ఊరికి వెళ్తానన్న మనిషిని వెళ్లనిచ్చారా? బాకీ చూపించి కదలనివ్వకపోతే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం ప్రకారం ఆ అప్పే రద్దవుతుంది. అలాంటి కేసు దొరికితే ప్లాంటుతో గుట్టుగా సర్దుబాటు చేసుకోవద్దు. జిల్లా కలెక్టరుకో సబ్ కలెక్టరుకో తెలియజేసి, కార్మికులకు విడుదల పత్రం వచ్చేలా చూడాలి. పునరావాస సాయం ఆ పత్రంతో ముడిపడి ఉంటుంది. పంపించేస్తే సమస్య తీరిందనుకుని రాత్రికి రాత్రే బస్సెక్కిస్తే, వాళ్లు ఆ సాయం కోల్పోతారు, పాత బాకీ ఊళ్లో అలాగే నిలుస్తుంది.

హాస్టల్ తలుపుకు బయటి నుంచి గొళ్లెం ఉందా, గేటు పాసు ఎవరిస్తున్నారు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరున్నాయి? ఈ మూడూ చూడటానికి పది నిమిషాలు చాలు. భద్రత కోసం దాచామన్న జవాబు వస్తే తాళం చెవి ఎవరి దగ్గరుందో అడగండి.

వయసు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే అది చాలావరకు నోటిమాటగా రాయించిన వయసు. బడి టీసీ, జనన ధ్రువపత్రం అడగండి. పిల్లలు దొరికితే వెంటనే పనిలోంచి తప్పించాలి. కానీ గేటు బయటికి నెట్టేసి చేతులు దులుపుకోకూడదు. 1098కి చెప్పాలి, చేసిన పనికి పూర్తి కూలి ఇవ్వాలి, ఇంట్లోని పెద్దవాళ్లలో ఒకరికి ఆ పని ఇవ్వడం, పిల్లను బడిలో చేర్చే ఖర్చు భరించడం ప్లాంటు బాధ్యతగా రాయించాలి.

మాట్లాడే చోటు, అడిగే తీరు

హెచ్‌ఆర్ గదిలో, గాజు తలుపు వెనక సూపర్‌వైజర్ తిరుగుతుండగా చేసే ఇంటర్వ్యూకు విలువ లేదు. ఊళ్లో, సాయంత్రం, నలుగురైదుగురు ఒకచోట ఉన్నప్పుడు మాట్లాడండి. మహిళలతో మహిళే మాట్లాడాలి. ఒడియా వాళ్లుంటే ఒడియా తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి మేస్త్రీ తెచ్చినవాడు కాకూడదు.

‘ఓవర్‌టైమ్ చేయిస్తున్నారా?’ అంటే లేదనే అంటారు. ‘నిన్న ఇంటికి ఎన్నింటికి చేరారమ్మా? పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు?’ అంటే గంటలు వాటంతటవే వస్తాయి. ‘గ్లౌజులు ఇస్తున్నారా?’ అనే బదులు చేతులు చూడండి. మంచునీళ్లలో, క్లోరిన్ నీళ్లలో గంటల తరబడి నానిన వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి పొరలు లేస్తుంది, రొయ్య ముల్లు గుచ్చుకున్నచోట చీము పడుతుంది. లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు కలిపి ఇస్తే చలి కొంత ఆగుతుంది. రబ్బరుది ఒక్కటే ఇస్తే వేళ్లు మొద్దుబారి, ఒలుపు వేగం తగ్గి, కూలి తగ్గి, వాళ్లే తీసి పక్కన పడేస్తారు. అప్పుడు ‘ఇచ్చినా వేసుకోరు’ అంటారు. తప్పు కిలో రేటులో ఉంది. మూత్రవిసర్జనకు వెళ్లాలంటే టోకెన్ తీసుకోవాలా, వెళ్లొస్తే కూలి తగ్గుతుందా అన్నది కూడా అడగండి. దానికి భయపడి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లు ఉంటారు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో సగమైనా మహిళలు, బయటి సభ్యులు ఒకరు. కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయా అని కాదు, ఒలుపు బల్ల దగ్గరున్న ఐదుగురిని అందులో ఒక్కరి పేరు చెప్పమనండి.

అమోనియా, చెరువు గట్టు

గడ్డకట్టించే యంత్రాల్లో అమోనియా ఉంటుంది. గాలిలో 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25) దాటితే ఆ వాతావరణంలో షిఫ్టు చేయించకూడదు, 300 చేరితే ప్రాణానికే ముప్పు. అత్యవసర ద్వారం బయటికి తెరుచుకోవాలి, అడ్డంగా ట్రేలు ఉండకూడదు. రొయ్యలు దొంగిలిస్తారని ఆ తలుపుకు తాళం వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కనిపిస్తే రిపోర్టు రాసేదాకా ఆగకుండా అప్పుడే తీయించండి.

చెరువుల దగ్గర తనిఖీ చిన్నది కానీ వదలకూడదు. గట్టు మీద షెడ్డులో భార్యాభర్తలు ఉండి మేత వేయడం, చెక్ ట్రేలు (మేత తిన్నారో లేదో చూసే పళ్లేలు) చూడటం, రాత్రి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కాపలా కాయడం ఇద్దరూ చేస్తారు, జీతం మాత్రం ఒక్కరి పేరునే ఉంటుంది. ఇద్దరికీ వేర్వేరుగా కట్టించాలి. ఏరియేటర్ కరెంటు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఎర్త్ లీకేజ్ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసేది) ఉందో లేదో చూసి, టెస్ట్ బటన్ నొక్కించండి. తడికాళ్లతో నీళ్లలో దిగే మనిషి ప్రాణం దాని మీద ఉంటుంది.

కొనేవాళ్ల వంతు

దొరికిన తప్పులన్నీ ప్లాంటు మీదే వేస్తే పని సగమే అయినట్టు. ఆర్డరు ఖరారు చేశాక ఓడ తేదీ వారం ముందుకు జరిపింది ఎవరు? ఒలిచిన సరుకుకు ఇచ్చే ధరలో రెట్టింపు ఓవర్‌టైమ్ పడుతుందా? పై 255 గంటల లెక్కను కొనుగోలు విభాగానికి పంపి, ఆ వారం వాళ్లు పంపిన మెయిళ్లతో పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు దొరకగానే ఆర్డర్లు ఆపేసి వేరే ప్లాంటుకు పోవడం అన్నిటికంటే చెడ్డ పరిష్కారం. బాకీ కూలి ఎవరికీ అందదు, ఉన్న పని పోతుంది, ఇంకోసారి ఎవరూ నోరు విప్పరు. బాకీ చెల్లింపుకు తేదీలు, ఖర్చులో కొనుగోలుదారు వాటా రాసుకుని, అది జరగకపోతేనే ఆర్డరు తగ్గించాలి.

కంపెనీ కదలకపోతే కార్మికులకు, సంఘాలకు ఇంకో దారి ఉంది. ఓఈసీడీ మార్గదర్శకాలకు భారత్ కట్టుబడలేదు. అయినా కొనే కంపెనీ అమెరికాదో, జపాన్‌దో, జర్మనీదో అయితే ఆ దేశపు నేషనల్ కాంటాక్ట్ పాయింట్‌కు (ఈ మార్గదర్శకాలపై ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ విభాగానికి) ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. అది కోర్టు కాదు, మధ్యవర్తిత్వం చేస్తుంది.

ఇంటర్వ్యూ జరిగిన 30 రోజులకు, మళ్లీ 90 రోజులకు తిరిగి వెళ్లండి. నోరు విప్పినవాళ్లను ఎవరూ పనిలోంచి తీసేయరు, మేస్త్రీ పొద్దున్నే బస్సుకు పిలవడం మానేస్తాడు, అంతే. కాబట్టి ముందుసారి మాట్లాడినవాళ్ల పేర్లు ప్లాంటుకు చెప్పకుండా, ఆ ఊరి బస్సు ట్రిప్ షీట్లు మొత్తం అడిగి, వాళ్లు ఎక్కిన రోజులు ముందు నెలతో పోల్చి లెక్కపెట్టండి. తగ్గితే కారణం అడగాల్సింది మేస్త్రీని కాదు, ప్లాంటు యజమానిని.