క్యారవాన్‌లో కరెంటు: మన ఎండలకు తగిన ఏర్పాటు

అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా గండికోటకు వెళ్లి రెండు రాత్రులు బండిలోనే ఉండదలచినవారు, పెద్ద బ్యాటరీ కొనే ముందు రోజువారీ వాడకాన్ని కాగితం మీద లెక్క వేసుకోవాలి. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పది గంటలు తిరిగితే 300 వాట్ అవర్లు, 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్జుకు వేసవిలో సుమారు 600, దీపాలకూ ఫోన్లకూ కలిపి మరో 100 అవుతాయి. అంటే ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్.

100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో పేరుకు 1200 వాట్ అవర్లు ఉన్నా, రోజూ సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. అదే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. వేడి దాని ఆయుష్షును తగ్గిస్తుంది కనుక, ఇంజనుకు దూరంగా, గాలి ఆడే చోట బిగించాలి.

అయితే బ్యాటరీ కన్నా ముందు మార్చవలసినవి తీగలని నా గట్టి అభిప్రాయం. 1000 వాట్ల లోడుకు 230 వోల్టుల వద్ద నాలుగున్నర ఆంపియర్ల లోపే సరిపోతుంది గానీ, 12 వోల్టుల వైపు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ 90 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఇక్కడ కాలిపోతుంది; 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌ను వీలైనంత పొట్టిగా వేయించాలి. లగ్గు (కేబుల్ చివర ఉండే లోహపు బిగింపు) దగ్గర తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోటితో నొక్కితే పెళుసుగా విరుగుతుంటే, ఆ బిగింపు వదులై ఎప్పటినుంచో వేడెక్కుతోందని అర్థం. కేబుల్‌కు తగిన ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే పెట్టించాలి.

లిథియం బ్యాటరీని ఆల్టర్నేటరుకు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రానికి) నేరుగా కలిపితే అది అదుపు లేకుండా కరెంటు లాగి, ఆల్టర్నేటరును కాల్చివేయగలదు. మధ్యలో ఆ కరెంటును అదుపు చేసే 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు ఉంటే, రెండు గంటల ప్రయాణంలో సుమారు 750 వాట్ అవర్లు భద్రంగా చేరుతాయి.

ఎండ ఎంత మండితే సోలార్ అంత ఎక్కువ ఇస్తుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల వద్ద కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి, 65 డిగ్రీలకు కాగిన ప్యానెల్ ఆరో వంతు కోల్పోతుంది. అందుకే టాపుకు అంటించకుండా కింద నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి. ఒక మూల మీద కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. బండిని చెట్టు నీడన నిలపాలంటే, పొడవాటి కేబుల్‌తో బయట ఎండలో పరిచే మరో 100 వాట్ల ప్యానెల్ మేలు.

ఒక టన్ను ఏసీ గంటలో దాదాపు ఒక యూనిట్ తాగుతుంది గనుక దానిని బ్యాటరీతో నడపవద్దు. లాడ్జి ఆవరణలో 16 ఆంపియర్ల ప్లగ్గు దొరికినప్పుడే వేసుకోవాలి. బండి బాడీ ఇనుముది కావడం వల్ల, ఆ ప్లగ్గుకు ఎర్తింగు ఉన్నదీ లేనిదీ సాకెట్ టెస్టరుతో చూసుకొని, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ద్వారానే కరెంటును లోపలికి తీసుకోవాలి.