పలాసలో ఒక్క సర్వర్, మూడు గుంపుల డేటాబేసులు

పలాసలో జీడి మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాను. మిల్లుకొక డేటాబేసు, అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేసులు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో. పద్దు, సరుకు, పరీక్ష అని పేరు ముందు గుర్తు పెట్టి మూడు గుంపులుగా విడదీశాను. ఏ గుంపులోకి ఎవరు రావాలో, ఎంత వాడుకోవాలో కట్టడి చేసే పద్ధతి ఇది.

పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేసుల గుంపు అనేది విడిగా ఉండదు. గుంపుకొక లాగిన్ లేని రోల్ (హక్కులు ఇచ్చే ఖాతా) చేసి, మనుషుల్ని అందులో చేర్చాలి. అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఇది: కొత్త డేటాబేసుకి కనెక్ట్ హక్కు పబ్లిక్‌కి, అంటే అందరికీ ఉంటుంది. దాన్ని రివోక్ చేసి, అంటే వెనక్కి తీసుకుని, గుంపు రోల్‌కే గ్రాంట్ ఇవ్వండి. మొదట్లో నేనది చేయలేదు. ఒక గుమస్తాకి పక్క మిల్లు టేబుళ్ల పేర్లన్నీ కనబడ్డాయి. లోపలి అంకెలు కనబడకపోయినా ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కనెక్ట్ గుమ్మం వరకే. స్కీమా (డేటాబేసులో టేబుళ్లుండే అర), టేబుళ్ల హక్కులు వేరుగా ఇవ్వాలి.

ఇక వనరులు. మొత్తం కనెక్షన్లు మామూలుగా 100. ఉద్దానంలో పిక్కలు దిగే వేసవిలో పద్దులు ఆగకూడదు, అందుకే పరీక్ష డేటాబేసులకు తలా 5 కనెక్షన్లే. క్వెరీ గడువు, అంటే డేటాబేసుని అడిగే ఒక్కో ప్రశ్న ఎంతసేపు నడవొచ్చనే హద్దు, గుంపు రోల్ మీద పెడితే సభ్యులకు అందదు. డేటాబేసు మీదే పెట్టండి.